గొంతు ఇక్కడ, అధికారం అక్కడ



ఈ సభలో మనం ఏటా తలుచుకునే మాస్టారు టెలిఫోన్ ఉద్యోగుల సంఘంలో పనిచేసినవారు. అందుకే ఈ ఏడు, తీగల మీదుగా దేశాలు దాటిన ఉద్యోగాల గురించి మాట్లాడతానన్నాను. అమెరికాలో ఒకరికి పోయింది, హైదరాబాదులో ఒకరికి వచ్చింది అనే లెక్కతో మొదలై ఈ చర్చ అక్కడే ఆగిపోతుంటుంది. పని చేతులు మారాక జవాబుదారీ ఎవరి దగ్గర మిగిలిందన్నది నా ప్రశ్న.

2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జరిగింది చూడండి. డాక్టర్లు రికార్డు చేసిన రోగుల వివరాల్ని విని టైపు చేసే పనిని ఆసుపత్రి ఒక స్థానిక కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ ఫ్లోరిడాలో ఒకామెకి, ఆమె టెక్సస్‌లో మరొకరికి, అక్కణ్ణించి కరాచీలో ఒక మహిళకి. చేయి మారుతున్నకొద్దీ లైనుకిచ్చే రేటు తరిగింది. ఆఖరికి కరాచీలో పనిచేసినామెకి డబ్బు అందలేదు. బాకీ ఇప్పించకపోతే రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని ఆమె నేరుగా ఆసుపత్రికే ఈమెయిలు రాసింది, నమూనా కూడా జతచేసింది. తమ పని అంతదూరం వెళ్లిందని ఆసుపత్రికి అప్పుడుగాని తెలియలేదు! కొంత సొమ్ము ముట్టాక ఆమె బెదిరింపు వెనక్కి తీసుకుంది. ఆమె చేసింది తప్పే. కానీ కూలి ఎగ్గొట్టినవాళ్లను నిలదీసే దారి ఆమెకీ, తన జబ్బు సంగతి ఎవరెవరు చదువుతున్నారో తెలుసుకునే దారి రోగికీ లేకపోయాయి.

కాల్ సెంటర్లలో ఈ జవాబుదారీ లేనితనమే మరో రూపంలో కనిపిస్తుంది. యాస అర్థం కావడంలేదని అమెరికా వినియోగదారుల ఫిర్యాదు. కొంత నిజమే. అసలు చిరాకు మాత్రం అవతలి మనిషికి స్క్రిప్టు దాటే అధికారం లేకపోవడం వల్ల. పైగా టీమ్ లీడరు ఏహెచ్‌టీ చూస్తుంటాడు, అంటే ఒక్కో కాల్‌కి పట్టిన సగటు సమయం. సమస్య తీరేదాకా లైన్లో ఉన్న కుర్రాడి అంకెలు చెడతాయి, తొందరగా వదిలించుకున్నవాడివి మెరుస్తాయి. 2003 నవంబరులో డెల్ కంపెనీ, ఫిర్యాదులొచ్చాక, కార్పొరేట్ ఖాతాదారుల కాల్స్‌ని బెంగళూరు నుంచి అమెరికాకి మళ్లించుకుంది. ఇంట్లో వాడుకోడానికి కంప్యూటరు కొన్నవాళ్ల కాల్స్ మాత్రం ఎప్పటిలాగే ఇండియాకి వచ్చాయి. యాసే రోగమైతే అందరి చెవులకూ ఒకే మందు వేయాలి కదా!

అదే ఏడు మెకిన్సే అనే కన్సల్టింగ్ సంస్థ ఒక లెక్క వేసింది. భారత్‌కి పంపిన ప్రతి డాలరు పని మీద అమెరికాకి 1.12 నుంచి 1.14 డాలర్ల ప్రయోజనం, మనకి 33 సెంట్లు అని. మనవాళ్లూ ఈ అంకెల్ని ఉత్సాహంగా వల్లించారు. ఆ అమెరికా వాటాలో 45 నుంచి 47 సెంట్లు, ఉద్యోగం పోయినవాళ్లు మళ్లీ పనిలో కుదురుకుంటారన్న అంచనా మీద వచ్చినవే. కంపెనీకి మిగిలింది రొక్కం, మనిషికి మిగిలింది అంచనా.

దిగుమతుల దెబ్బకి పని పోయినవారికి భృతి, శిక్షణ ఇచ్చే పథకం అమెరికాలో 1962 నుంచి ఉంది. ప్రోగ్రామర్లు దరఖాస్తు పెడితే, మీరు తయారుచేసేది వస్తువు కాదంటూ కార్మికశాఖ తిప్పిపంపేది. సీడీలో వస్తే వస్తువట, తీగలో వస్తే కాదట. 2009లో గాని సేవారంగం వాళ్లకు అందులో చోటు దొరకలేదు. 2022 జూలై నుంచి కొత్తవారిని చేర్చుకోవడమే ఆపేశారు.

ఇక ఇటువైపు. తండ్రి రిటైరయ్యేనాటి జీతాన్ని పిల్లలు మొదటి ఏడాదే అందుకున్న ఇళ్లున్నాయి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ ఇళ్లు అమెరికా వేళలకు నడవాలి. మన గడియారం ఏడాది పొడుగునా కదలదు గాని, అమెరికా గడియారం మార్చిలోనూ నవంబరులోనూ జరిగితే ఇక్కడ ఆఫీసు క్యాబ్ వచ్చే వేళ జరుగుతుంది, దాంతోపాటు ఇంట్లో అన్నాల వేళ. ఆ పని కూడా నిలకడగా లేదు. వాయిస్ కాల్స్‌లో పెద్ద భాగం ఫిలిప్పీన్స్‌కి తరలింది. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో, అంటే డాక్టర్ల రికార్డింగులు విని టైపు చేసే పనిలో, ఇప్పుడు యంత్రం విని టైపు చేస్తుంది, మనిషి తప్పులు దిద్దుతాడు. దిద్దుబాటుకి లైను రేటు తక్కువ.

మరి దారేది? కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని మన 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. సంఘాల్లో పనిచేసినవారికి ఆ నియమం విలువ తెలుసు. సరిహద్దు దాటిన పనికి దాన్ని వర్తింపజేసే ఒప్పందం కావాలని అటు అమెరికా సంఘాలూ ఇటు మనమూ కలిసి అడగవచ్చు. అసాధ్యమనేవారికి ఒక్కమాట: దేశాలు దాటిన పేటెంటు హక్కుకి 1995 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమే కాపలా కాస్తోంది.