రాయి చెప్పనిది

కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని 1254 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ని సంస్కృతమున రచించెను. అందు పేరిణి నృత్తలక్షణము కలదు. 1213లో ప్రతిష్ఠితమైన పాలంపేట రామప్పగుడి గోడలపై నర్తకుల శిల్పములు, మద్దెల వాయించువారి శిల్పములు కలవు. ఈ రెంటి ఆధారముననే నటరాజ రామకృష్ణగారు 20వ శతాబ్దమున పేరిణి శివతాండవమును పునర్నిర్మించిరి. ఆ బాటన నడచుచు కొత్త కూర్పులు చేయు మావంటి నర్తకులకు ఎదురగు చిక్కును శ్రోతలకు మనవి చేయుచున్నాము.

శిల్పము ఒక్క నిలుకడను మాత్రమే చూపును. ఎత్తిన పాదము ఎట్లు లేచెనో, ఎట్లు నేలకు దిగునో రాయి చెప్పదు. గ్రంథము లక్షణము చెప్పును గాని, ఊపిరి బిగబట్టవలసిన తావు చెప్పదు. రెండు భంగిమల నడుమనున్న ఆ వెలితిని నర్తకుడు తన దేహముతో పూరింపవలెను. మా కొత్త కల్పన అంతయు ఆ నడుమనే యున్నది.

దానికి పరీక్ష సభలోనే జరుగును. ఒక ప్రదర్శనమున మేము శిల్పమువలె చిరకాలము నిలిచిన చోట ప్రేక్షకులలో కదలిక పుట్టెను. మద్దెల జతులతో పాదములు పోటీపడిన చోట సభ నిశ్శబ్దమయ్యెను. మరుసటి ప్రదర్శనమునకు నిలుకడలు తగ్గించి నడకలు పెంచితిమి.

అయినను మేము చేర్చినదానిని ప్రాచీనమని చెప్పుకొనరాదు. లక్షణమున ఉన్నది ఏదో, మా ఊహ ఏదో ప్రదర్శనమునకు ముందే సభకు విన్నవించుచున్నాము. అట్లు తెలిపిననే రేపటి నర్తకుడు మా ఊహను తొలగించి, అంతకన్న మేలైనదానిని అచ్చట నిలుపగలడు.