నల్లమల కాలిబాటలు – గ్రామస్థులు చదువదగిన పత్రములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము జరుగునపుడు పుస్తకములను గూర్చి మాటలాడుట ఆచారము. నేటి ప్రసంగ విషయము కొండదారి. కొండదారికిని గ్రంథాలయమునకును సంబంధమేమని కొందరికి తోచవచ్చును. నల్లమలలో ఏ దారిన నడువవచ్చునో, ఏ దినములలో నడువవచ్చునో, దారిలో నీరెచ్చట దొరకునో నేడు కాగితము నిర్ణయించుచున్నది. ఆ కాగితము ఎవరియొద్ద నున్నది, ఏ భాషలో నున్నది, ఊరివారు దానిని చదువుట యెట్లు అను మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుటకే ఈ ప్రసంగము.

డోన్ ప్రాంతమువారు తూర్పునకు పోయి నంద్యాల దాటినచో ఎదుట నిలుచునది నల్లమల. ఆళ్లగడ్డ చెంత అహోబిలము, నడుమ మహానంది, ఉత్తరమున కృష్ణ యొడ్డున శ్రీశైలము. ఆదిశేషుని పడగ తిరుమల, నడుము అహోబిలము, తోక శ్రీశైలమని పెద్దలు చెప్పుదురు. ఏటేట ఉగాదికి ముందు కన్నడ దేశమునుండి వేలకొలది భక్తులు మూటలు నెత్తినిడుకొని కర్నూలు, ఆత్మకూరుల మీదుగా శ్రీశైలమునకు నడచిపోవుదురు. వెంకటాపురము దాటి అడవిలో ప్రవేశించి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారము – ఈ మజిలీల మీదుగా వారి దారి. శివరాత్రికి మన వైపువారును ఆ బాటనే పట్టుదురు. కార్లు, బస్సులు వచ్చిన పిదప కూడ ఈ నడక ఆగలేదు. కాలినడకన పోయినవానికి కలుగు తృప్తి బండిలో పోయినవానికి కలుగదని వారి నమ్మకము.

ఈ దారులు నిన్న మొన్న పుట్టినవి కావు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో పర్వత ప్రకరణమను పేర ఒక భాగమును శ్రీశైలమునకే కేటాయించెను. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. నడచువానికి మెట్టు కట్టించుట రాజు చేయదగిన ధర్మకార్యమని తలచిన కాలమది. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారముతో అహోబిలము, మహానంది సేవించుకొని, ఆత్మకూరు చేరి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దారిన శ్రీశైలమెక్కెను. 1838లో అచ్చుపడిన ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీల దూరము, దారి స్థితి, నీటి వసతి, అంగళ్ల సంగతి వ్రాయబడియున్నవి. దాదాపు రెండువందల యేండ్లనాటి బాట స్థితి నేడు తెలియుచున్నదన్నచో, ఒక బాటసారి దినదినము వ్రాసిపెట్టుటయే కారణము. నేటి బాటను గూర్చి అంతటి వివరము మన ఊళ్లలో ఎన్ని యిండ్ల నున్నది?

గ్రామ లెక్కలతో పరిచయమున్నవారికి ఒక సంగతి తెలియును. గ్రామ పటములో డొంకకు, వాగునకు, బాటకు వేరు వేరు గీతలున్నవి. గీత యున్నంతకాలము డొంకను దున్నుకొనినవానిని నిలదీయుటకు ఆధారముండును. గీత లేని బాట, చూచిన సాక్షులు బ్రతికియున్నంతకాలమే బాట. అడవిలోని దారులకును ఈ న్యాయమే వర్తించును.

1882 నాటి మద్రాసు అటవీ చట్టము ప్రకారము అడవిని రిజర్వు చేయునపుడు దారి హక్కు, నీటి హక్కు, మేత హక్కు, అటవీ ఫలసాయపు హక్కు గలవారు విచారణాధికారికి గడువులోపల విన్నవించుకొనవలసియుండెను. విన్నవించుకొనినవాని హక్కు విచారణకు వచ్చెను. ఊరకున్నవాని హక్కు ఆరిపోయెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును ఇట్టి పద్ధతినే పెట్టెను. అభయారణ్యము ఏర్పరుపదలచినపుడు దాని యెల్లలను కలెక్టరు చుట్టుపట్ల ప్రతి యూరను ప్రాంతీయ భాషలో ప్రకటింపవలెననియు, హక్కుగలవారు రెండు మాసములలో తెలుపుకొనవలెననియు దాని 21వ విభాగము చెప్పుచున్నది. నాగార్జునసాగర్–శ్రీశైలము అడవులు 1978లో అభయారణ్యమైనవి. 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినవి. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పేర తెలంగాణములోనికి పోయి, దక్షిణపు భాగము ఆంధ్రప్రదేశమున నిలిచినది.

అభయారణ్యములో ప్రవేశమునకు అనుమతి కావలెను. ప్రజా రహదారి వెంట సాగిపోవువానికి మాత్రము 27వ విభాగము మినహాయింపు నిచ్చుచున్నది. ఏది ప్రజా రహదారి యను ప్రశ్నకు జవాబు ముఖ్యముగా దాఖలాలలో వెదకవలసినదే. తాతలనాటినుండి నడచితిమని నోటిమాటగా చెప్పుటకన్న, దానిని నిలుపు కాగితము చూపుట మేలు.

మరియు 2006లో ఈ చట్టమునకు జరిగిన సవరణ ప్రకారము పులుల అడవి కంతకును సంరక్షణ ప్రణాళిక యొకటి రాష్ట్ర ప్రభుత్వము సిద్ధపరుపవలెను. పులికి విడిచిపెట్టవలసిన నడిమి భాగమును కోర్ అనియు, దాని చుట్టునున్న భాగమును బఫర్ అనియు పిలుతురు. గిరిజనుల, తదితర అటవీవాసుల హక్కులకు భంగము లేకుండ కోర్ ప్రాంతమును నిర్ణయింపవలెననియు, బఫర్ ఎల్లలను గ్రామసభను, నిపుణుల సంఘమును సంప్రదించి నిర్ణయింపవలెననియు చట్టములోనే యున్నది. 2022 నాటి సవరణ మరియొక మెట్టు పైకి పోయినది. షెడ్యూలు ప్రాంతములలోను, అటవీ హక్కుల చట్టము వర్తించు చోట్లను ఉన్న అభయారణ్యములకు నిర్వహణ ప్రణాళికను గ్రామసభతో సంప్రదించియే తయారు చేయవలెనని చెప్పినది. చట్టము ఊరిని పిలుచుచున్నది. పిలుపు వినబడని ఊరు ఏమి బదులు చెప్పగలదు?

ఇక ఆ ప్రణాళికలను చూచు హక్కు సామాన్యునకు కలదా? కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము పౌరుడు కారణము చెప్పనవసరము లేకుండ దాఖలాను చూడవచ్చును, వ్రాసికొనవచ్చును, నకలు తీసికొనవచ్చును. వ్రాయుట రానివాడు నోట చెప్పినచో దానిని వ్రాతలో పెట్టుకొనుటకు అధికారి సాయపడవలెను. జవాబునకు గడువు 30 దినములు. జవాబు రానిచో, వచ్చినది చాలనిచో, పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. అడుగకముందే ప్రకటింపవలసిన సంగతులను నాలుగవ విభాగము పట్టికగా నిచ్చినది. ప్రజలను సంప్రదించుటకు గల ఏర్పాట్లును, ప్రజలకొరకు నడుపు గ్రంథాలయమో పఠనమందిరమో యున్నచో దాని వేళలును ప్రకటింపవలెనని అందులో నున్నది. ఆ సమాచారమును స్థానిక భాషను దృష్టియందుంచుకొని ప్రజలకు చేర్పవలెననియు ఆ విభాగమే చెప్పుచున్నది.

అన్నియు బయట పెట్టవలెనని ఎవరును కోరరాదు. పులి పిల్లలను పెట్టిన గుహ ఎచ్చట, కెమెరాలు ఎచ్చట అమర్చిరి అను వివరములు వేటగాని చేతికి చిక్కినచో పులికి చావు మూడును. అట్టివానిని దాచుట న్యాయము. ఒక పత్రములో దాచదగిన భాగమున్నచో దానిని మాత్రము తీసివేసి మిగిలినది ఇయ్యవచ్చునని చట్టపు పదియవ విభాగము దారి చూపినది. దాచవలసిన పది పుటల కొరకు మిగిలిన పుస్తకమంతయు బీరువాలో నుంచనక్కరలేదు.

భాష మాట వేరుగ చెప్పుకొనవలసినది. అభయారణ్యముల చుట్టు పర్యావరణ సున్నిత మండలములను ఏర్పరచునపుడు కేంద్ర ప్రభుత్వము ముసాయిదాను గెజిట్‌లో ప్రకటించి, ఆక్షేపణలకు 60 దినములు గడువిచ్చును. ఆ గెజిట్ హిందీలోను ఇంగ్లీషులోను వచ్చును. కొండ అంచున మేకలు మేపుకొనువానికి ఆ 60 దినములు గడచినట్లైన తెలియదు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్రము ముసాయిదా ప్రకటింపగా, జూన్ 30న ఢిల్లీ హైకోర్టు దానిని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలోనికి అనువదింపుమని ఆదేశించి, అభిప్రాయములకు గడువును ఆగస్టు 11 వరకు పొడిగించినది. అర్థము కాని భాషలో అభిప్రాయమడుగుట అడుగుటయే కాదను సత్యము ఆ తీర్పునకు మూలము. చదువరి లేని పత్రము అడవిగాచిన వెన్నెల.

ఇట్టి చిక్కులు మనకే వచ్చినవి కావు. ఇంగ్లాండులో కిండర్ స్కౌట్ అను కొండబీడుపై నడుచుటకు 1932లో కొన్ని వందలమంది శ్రామికులు, యువకులు నిషేధమును దాటి ఎక్కిరి; అయిదుగురికి జైలుశిక్ష పడినది. ఆ తరువాత 1949లో ఆ దేశము చేసిన చట్టము మనకు పాఠము వంటిది. కాలిబాటల పటములు తయారు చేయు పని జిల్లా సభలపై పడగా, బాటలను వెదకి వ్రాసి పంపు పనిని పెక్కుచోట్ల గ్రామసభలు చేసినవి. ముసాయిదా పటమును ప్రజలు చూచుటకు బల్లపై నుంచిరి, ఆక్షేపణలు వినిరి, పిదప ఖాయపరచిరి. అట్లు ఖాయపరచిన పటములో చూపిన బాట ఉన్నదనుటకు ఆ పటమే తిరుగులేని సాక్ష్యము. 1965లో ఆ దేశమున సుమారు 430 కిలోమీటర్ల పెన్నైన్ కొండదారి తెరవబడినది. అమెరికాలో 1921లో ఒక అటవీ నిపుణుడు చేసిన సూచనపై 1937 నాటికి పూర్తియైన అపలేచియన్ కొండదారి 14 రాష్ట్రములలో సుమారు 3,500 కిలోమీటర్లు సాగును. దాని బాగోగులు చూచువారు చాలవరకు స్వచ్ఛంద సేవకులే. 1970నుండి ఆ దేశపు చట్టము ప్రకారము పర్యావరణముపై గొప్ప ప్రభావము గల ప్రభుత్వ కార్యములకు నివేదికను సిద్ధపరచి ప్రజలకు అందుబాటులో నుంచవలెను.

ఆ కొండలలో నడచువారు విహారమునకు నడచిరి. మనవారు మ్రొక్కు తీర్చుకొనుటకు నడతురు. ఉద్దేశము వేరైనను దప్పిక యొక్కటే.

ఇంత చెప్పి నడచువాని బాధ్యతను విడిచినచో ప్రసంగము ఒంటికాలిపై నిలుచును. ఉగాది నాటికి అడవి ఎండి గలగలలాడును. ఒక చుట్టపీక చాలును కొండ కాలుటకు. నీళ్లసీసాలు, ప్లాస్టిక్ సంచులు, ఆకుల విస్తళ్ల గుట్టలు జింక కడుపులోనికో చెలమలోనికో చేరును. తరతరములుగ ఆ కొండలలో నివసించు చెంచులకు అడవి ఇల్లు. యాత్రికునకు రెండు దినముల దారి. ఇంటివాని మాట ముందు వినుట అతిథికి మర్యాద. అటవీశాఖవారు ఒక దారిని కొన్ని మాసములు మూసిరన్నచో దానికి సబబైన కారణముండవచ్చును. కారణము వ్రాతలో నుండి, ఆ వ్రాత ఊరివారి చేతికి వచ్చినపుడు నిషేధమును పాటించు బుద్ధి పుట్టును. కారణము తెలియని నిషేధము ఒకనికి అవమానముగను, మరియొకనికి దొంగదారి వెదకుటకు సాకుగను పరిణమించును. పత్రము తెరచియుంచుట పులికిని మేలే.

ఇక గ్రంథాలయము చేయదగిన పని. కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితము ధారవోసెను. ఆయన తరమువారి దృష్టిలో గ్రంథాలయము కాలక్షేపమునకు కట్టిన కొట్టము కాదు. పౌరుడు తన దేశవ్యవహారము తాను తెలిసికొను పాఠశాల. ఆ మాట నిజమగుటకు ఈ రజతోత్సవ వత్సరమున ఒక అరను ప్రత్యేకించిన చాలును. అందు పులుల సంరక్షణ ప్రణాళికలో ప్రజలకు ఇయ్యదగిన భాగములు, అభయారణ్యపు ప్రకటనలు, గెజిట్ ముసాయిదాలు, యాత్రాకాలపు ఉత్తరువులు చేర్పవలెను. దొరకనివానికి అర్జీ పెట్టవలెను. ఇంగ్లీషు వచ్చిన యువకులు ప్రతి పత్రమునకు రెండు పుటల తెనుగు సంగ్రహము వ్రాసి, నెలకొక ఆదివారము చదువురాని పెద్దల యెదుట బిగ్గరగా చదువవలెను. గడువు తేదీలను గోడపలకపై పెద్ద అక్షరములతో వ్రాయవలెను.

మరియొక పనికి వేళ మించుచున్నది. ఆత్మకూరు దారిన, అహోబిలపు దారిన పలుమారు నడచిన వృద్ధులు ఇంకను మన నడుమ నున్నారు. ఏ చెలమ ఏ మాసమున ఎండును, ఏ రాతి మలుపున దారి చీలును, ఏ చెట్టుక్రింద రాత్రి దిగుదురు అను సంగతులు వారి జ్ఞాపకములోనే యున్నవి. వాటిని అడిగి వ్రాసి, పటము గీచి, తేదీ వేసి, చెప్పినవారి సంతకములో వ్రేలిముద్రలో తీసికొని ఆ అరలోనే భద్రపరుపవలెను. వీరాస్వామయ్య ఒక్కడు తన దినచర్యలో చేసిన పనిని ఊరంతయు కలిసి చేయలేదా? రేపు గ్రామసభకు ప్రణాళిక వచ్చినపుడు ఆ పటమే ఊరి వాఙ్మూలము.

ఇరువదియైదేండ్లుగా తలుపు తెరచి దీపము పెట్టినవారికి, చందా తప్పక చెల్లించినవారికి, పుస్తకము చింపక తిరిగి ఇచ్చినవారికి ఈ సభ కృతజ్ఞత చెప్పవలసియున్నది. స్వర్ణోత్సవమునాటికి ఆ యొక్క అర నిండి, దానిలోని కాగితములు పలువురి చేతులు తగిలి అంచులు నలిగియుండుగాక.