పేరు తెలియని మనిషికి బాకీ

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మెకానికల్, మెటలర్జీ విద్యార్థులందరికీ నా మనస్ఫూర్తి అభినందనలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక యార్డు నడుపుతున్నాను. పాత సామాను కొని, వేరు చేయించి, అల్యూమినియం కరిగించి, కొత్త విడిభాగాలు పోత పోయిస్తాం. మా నాన్న మూడు చక్రాల బండి తొక్కుతూ "పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలిస్తాం" అని వీధి వీధీ తిరిగినవాడు. ఆ కేక వినకుండా పెరిగినవాళ్లు ఈ హాల్లో ఎవరూ ఉండరు. ఆ కేక వేసే మనిషికి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదాని గురించే ఇవాళ నాలుగు మాటలు చెబుదామని వచ్చాను.

తుక్కు వ్యాపారం అనగానే అందరూ కాటా మోసం గురించే మాట్లాడతారు. కాటా నిక్కచ్చిగా ఉన్నా బండివాడు నష్టపోయే చోటు ఇంకొకటుంది. తన బండిలో ఏముందో అతనికి తెలియదు. కొనేవాడికి తెలుసు. ఆ రెండింటి మధ్య తేడాయే చాలా దుకాణాల్లో లాభం. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు, నోరు మూసుకుని ఊరుకుంటే చాలు.

ఆ తేడా ఏమిటో మా నాన్నకు చెప్పినవాడు ఒక లారీ డ్రైవరు. వేరే రాష్ట్రం బండి. ఎదురు షెడ్డులో గేర్‌బాక్సు విప్పదీసి పెడితే, అయ్యేదాకా ఏం చేయాలో తోచక మా వైపు వచ్చాడు. మేం ఒక దుకాణం ముందు బండి దించుతున్నాం. పాత లారీ రేడియేటరు, నాలుగైదు కుళాయిలు, కాలిపోయిన ఫ్యాన్ మోటార్లు, అన్నీ కలిపి ఇనుము ధరకి కాటా ఎక్కబోతున్నాయి. అతను వచ్చీరాని తెలుగులో "అన్నా, ఆగు. అట్లా ఇవ్వకు" అన్నాడు. మెకానిక్కు దగ్గర ఆకురాయి అడిగి తెచ్చి, కింద గొంతుక్కూర్చుని కుళాయిని గీశాడు. తెల్లటి పూత కింద పచ్చగా ఇత్తడి బయటపడింది. ఇంకో కుళాయి గీస్తే లోపలా బూడిద రంగే. "ఇది జింకు. చేతిలో పట్టుకుని చూడు పాపా, తేలిగ్గా ఉంటది" అని నా చేతిలో పెట్టాడు. రేడియేటరు తొట్టెలు ఇత్తడివి, నడిమి రేకులు రాగివి అని వేలు పెట్టి చూపించాడు. మోటారు తీగ ఒక్కటి తెంచి, తెగిన కొస ఎండకి పెట్టాడు. పైన ఎనామిల్ పూత ఉంటే అల్యూమినియం తీగ కూడా రాగిలాగే కనిపిస్తుంది. కొస ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే అల్యూమినియం.

అతనికి మాతో పని లేదు, ఆ సామానుతో అసలే లేదు. షెడ్డులోంచి పిలుపు రాగానే మా నాన్న తెప్పించిన టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు. పేరు అడగాలని తోచేలోపు లారీ కదిలింది. ఆ తర్వాత ఎంతకాలమో మా నాన్న ఆటోనగర్‌లో లారీలు ఆగి ఉన్న ప్రతిచోటా డ్రైవర్ల ముఖాలు చూసుకుంటూ నడిచేవాడు. ఆ మనిషి మళ్లీ కనబడలేదు.

ఇచ్చినవాడు దొరకనప్పుడు బాకీ ఎవరికి తీర్చాలి? మా నాన్న దానికి తనకు తోచిన దారి చూసుకున్నాడు. తోటి బండివాళ్లను కూర్చోబెట్టి, ఆకురాయి చేతికిచ్చి గీయించేవాడు. "నీ నోటి దగ్గర కూడు నువ్వే పంచుతున్నావు" అని మా మేనమామ కోప్పడేవాడు. ఆ మాట ఉత్తది కాదు. ఇత్తడి కుళాయిని గుర్తుపట్టగలిగే మనిషి ఆ వీధికి ఒక్కడే ఉంటే అతనికి బాగానే గిట్టుతుంది. పదిమంది గుర్తుపడితే ఆ లాభం పోతుంది. మా నాన్నకు ఆ లెక్క తెలుసు. తెలిసే చెప్పాడు. మీకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. డబ్బు దానం చేసినప్పుడు మన దగ్గర ఎంత తగ్గిందో అందరికీ కనిపిస్తుంది. తెలిసిన పని చెప్పేసినప్పుడు తగ్గేది పైకి కనిపించదు కానీ నిజంగానే తగ్గుతుంది. అయినా ఇవ్వాలి.

మా యార్డులో కాటా పక్కనే ఒక బల్ల ఉంది. దాని మీద ఒక అయస్కాంతం, ఆకురాయి, కోసి పెట్టిన నమూనాలు. సామాను తెచ్చినవాళ్లు కాటాకి ముందు అక్కడ వేరు చేసుకుంటారు. అల్యూమినియం ముక్కకి ఇనప బోల్టు తగులుకుని ఉంటే ధర పడిపోతుంది, విప్పేస్తే పెరుగుతుంది అని చెబుతాం. విప్పడానికి స్పానర్లు కూడా అక్కడే ఉంటాయి. వేరు చేసుకున్నాక, పక్క దుకాణంలో రాగికి ఒక రూపాయి ఎక్కువిస్తారని మూట కట్టుకుని వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. వెళ్లనిస్తాం.

ఆ బల్ల దగ్గర మీ చదువు ఎంత పనికొస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. అయస్కాంతానికి అంటుకోకపోతే ఏ స్టీలైనా 'మంచి స్టీలు' అని, అంటుకుంటే 'ఇనుము' అని వీధిలో లెక్క. అది సగమే నిజం. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అయస్కాంతం దాన్ని లాగదు. 430 రకంలో నికెల్ ఉండదు, లాగుతుంది, కానీ అదీ స్టెయిన్‌లెస్సే. పైగా 304తో చేసిన గిన్నెకే వంచిన అంచు దగ్గర అయస్కాంతం కొంచెం పట్టుకుంటుంది, అడుగున పట్టుకోదు. అది చూసి దుకాణంవాడు "నాసిరకం" అంటే బండివాడు తలూపి ఇనుము ధరకి ఇచ్చేస్తాడు. చల్లగా ఉన్న లోహాన్ని సాగదీసి వంచితే ఆస్టెనైట్‌లో కొంత మార్టెన్‌సైట్‌గా మారుతుందని మీరు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారు. ఆ జవాబు ఒక మనిషి రోజు కూలిని నిలబెడుతుంది. "అంచు దగ్గర కాదు, అడుగున పెట్టి చూడు" అంటే చాలు, మార్టెన్‌సైట్ పేరే ఎత్తక్కర్లేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ప్రాణం సంగతి వేరు.

రాగి తీగల్ని కాల్చి తీయడం మీరు ఊరి చివర చూసే ఉంటారు. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, డయాక్సిన్లు వస్తాయి. ఆ పొగ పీల్చేవాళ్లలో పిల్లలూ ఉంటారు. ఇంత చేసి, కాలిన రాగి నల్లబడి తక్కువ ధరకి పోతుంది, కత్తితో తొక్క ఒలిచిన తీగకే మంచి ధర. పొగ గురించి ఎంత చెప్పినా మానని వాళ్లు ఈ ఒక్క మాటకి మానడం నా కళ్లారా చూశాను. గాలి నింపి మూసేసిన డబ్బా, షాక్ అబ్జార్బర్, తడి సామాను కరిగిన లోహంలో పడితే పేలతాయి. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై కొలిమిలోని లోహాన్ని మనుషుల మీదికి ఎగజిమ్ముతాయి. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి జీతం మాట కంటే ముందు ఇది చెబుతాం.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగింది మీకు తెలియాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా ఇరాడియేటర్ వేలంలో అమ్ముడుపోయి అక్కడికి చేరింది. లోపల కోబాల్ట్-60 ఉంది. విప్పినవాళ్లకి ఆ సంగతి తెలియదు. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు రేడియేషన్ దెబ్బకి ఆస్పత్రి పాలయ్యారు. అంతకు ముందు 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, వదిలేసిన చికిత్సా కేంద్రంలోని యంత్రాన్ని తుక్కు కోసం విప్పితే సీజియం-137 బయటపడింది. చీకట్లో నీలంగా వెలుగుతుంటే ముచ్చటపడి ఇళ్లకు పట్టుకెళ్లి పంచుకున్నారు. నలుగురు చనిపోయారు, అందులో ఒకరు ఆరేళ్ల పాప. మూడు రెక్కల రేడియేషన్ గుర్తు చదువుకోనివాళ్లకి అర్థం కావడం లేదని, 2007లో పుర్రె, పారిపోతున్న మనిషి బొమ్మలతో ఇంకో హెచ్చరిక గుర్తు తెచ్చారు. ఆ రెండు గుర్తులూ మా బల్ల మీద పెద్దగా అంటించి ఉన్నాయి. మాయాపురి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఒకటే బాధ. ఆ యంత్రంలో ఏముందో తెలిసిన చదువు గోడకి అవతల ఉండిపోయింది, సుత్తి ఇవతల ఉంది.

మన తెలుగు నేల మీదే ఇంకో రకం నష్టం జరిగింది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం తొలి భాగంలో హెన్రీ వాయిసీ అనే అధికారి ఆ పని చూసి రాసిపెట్టాడు. ఇప్పుడు ఆ ఊళ్లో ఆ ఉక్కు కాచేవాళ్లు లేరు. వాయిసీ లాంటివాళ్ల రాతలు, నేలలో మిగిలిన చిట్టెం, మూస పెంకులు పట్టుకుని పరిశోధకులు ఆనవాళ్లు వెతుక్కుంటున్నారు. ఆ పని ఎందుకు ఆగిందన్నదానికి చాలా కారణాలుంటాయి. చేతి నుంచి చేతికి అందాల్సింది ఎక్కడో అందకుండా పోయిందన్నది మాత్రం కళ్లకు కనబడుతోంది.

మీరు పెద్ద ఉద్యోగాలకి వెళ్లండి, వెళ్లాలి. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే, బాక్సైటు నుంచి కొత్తది తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతమే సరిపోతుంది. కాబట్టి రేపు మీరు ఏ కర్మాగారానికి వెళ్లినా తుక్కు మీ ముందుకు వస్తుంది. అది మీదాకా రావడానికి ముందు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వాళ్లతో ఒక్కసారి మాట్లాడండి. 'మీకేం తెలుసు' అన్నట్టు కాకుండా మాట్లాడండి. వాళ్లకి తెలిసింది కూడా చాలా ఉంటుంది. ముక్క నేల మీద పడిన చప్పుడు విని బీడు ఇనుమో, మామూలు ఇనుమో చెప్పేవాళ్లు మా యార్డులోనే ఉన్నారు.

చివరిగా మీకు ఒక అభ్యర్థన. ఈ మధ్య తుక్కులో లిథియం బ్యాటరీలు విపరీతంగా వస్తున్నాయి. ఫోన్లవి, స్కూటర్లవి, ఉబ్బిపోయినవి. మేకు దిగినా, రెండు కొసలూ తగులుకున్నా మంటలు లేస్తాయి. కొసలకి టేపు చుట్టి, ఇసుక పోసిన డబ్బాలో విడిగా పెట్టమని చెబుతున్నాం. ఇంకా సరిగ్గా, బండివాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగేది మీరు. ఇక్కడ దీని మీద ప్రాజెక్టు చేసినవాళ్లు ఉన్నారని మీ అధ్యాపకులు ఇందాకే చెప్పారు. వచ్చే ఆదివారం పొద్దున్నే మా యార్డుకి రండి. బండ్లన్నీ ఆ వేళకే వస్తాయి, వినేవాళ్లకి కొదవ ఉండదు. టిఫిను మా దగ్గరే.