నడిచేవారి వీధి

వీధి ఎవరిది? ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చును. కాని సాయంకాలంవేళ విజయనగరం బజారులో చంటిబిడ్డను ఎత్తుకొని వీధి దాటవలసిన ఇల్లాలికి ఇది వింత ప్రశ్న కాదు. వీధి నడుమ ఆటోలు, కార్లు. అంచున నిలిపిన మోటారు సైకిళ్లు. ఇక నడిచే మనిషికి మిగిలిన చోటెక్కడ?

ఆ వీధినే మనం ఏటా ఒకనాడు పాదచారులకు అప్పగిస్తున్నాము. విజయదశమి తరువాత వచ్చే మంగళవారంనాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల కూడలి నుండి కోట వరకు మూడు పర్యాయాలు సాగుతుంది. చింతమాను కొసన పూజారి ఆసీనుడై ఉండగా పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వెంట నడుస్తాయి. లక్షలాది జనం చేరుతారు. ఆ దినమున వాహనాలను దూరంగా నిలుపుతారు, దారి మళ్లిస్తారు. శ్రీకాకుళంలోనూ అరసవల్లి రథసప్తమికి ఇట్టి ఏర్పాటే జరుగుతుంది. అంతమాత్రాన ఊరు ఆగిపోవడం లేదు గదా!

పండుగనాడు సాధ్యమైనది తక్కిన దినాలలో సాధ్యమా? బేరాలు పోతాయని వర్తకులు జంకడం సహజమే. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో స్ట్రాయెట్ అనే బజారు వీధిని 1962 నవంబరులో ప్రయోగాత్మకంగా వాహనాలకు మూసినప్పుడు అక్కడి వర్తకులూ ఇట్లే భయపడినారు. అనుభవం ఆ భయాన్ని తీర్చినది. 1964లో ఆ ఏర్పాటు శాశ్వతమైనది. అంత దూరమెందుకు? విశాఖపట్నం సముద్రతీరపు రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపి, నడకకు వచ్చేవారికి విడిచిపెట్టే పద్ధతి మనకు తెలిసినదే.

అయితే పండుగకు వచ్చినవాడు దర్శనం చేసుకొని పోతాడు. బజారుకు వచ్చినవాడు బియ్యపు బస్తాతో ఇల్లు చేరవలెను. ఈ భేదాన్ని మరువరాదు. కనుక ఊరంతా మూయనక్కరలేదు. మూడు లాంతర్ల నుండి గంటస్తంభం వరకు, సాయంకాలం కొన్ని గంటలు చాలును. సరుకుల బండ్లు ఉదయమే వచ్చిపోవలెను. వాహనాలు నిలుపుటకు దగ్గరలో చోటు చూపవలెను. వృద్ధులకు, వికలాంగులకు చిన్న బండ్లు నడపవలెను. అంబులెన్సుకు, అగ్నిమాపక శకటానికి దారి ఎప్పుడూ తెరచి ఉండవలెను. తోపుడుబండ్లవారికి నిర్ణీతమైన తావు ఇయ్యవలెను. ఇవి లేని నిషేధం రద్దీని పక్క సందులోనికి నెట్టడమే అవుతుంది.

దీనికి కొత్త చట్టం అవసరం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షను, ప్రజల భద్రత కోసం, సౌకర్యం కోసం వాహనాలను నియంత్రించే అధికారం ఇచ్చినది. ఆంక్ష నెలకు మించనిదైతే గెజెట్ ప్రకటన కూడ అక్కరలేదు. స్థానికంగా తెలియజేస్తే చాలును.

కాబట్టి ఒక నెల పరీక్షించి చూడవచ్చును. నెల గడచిన తరువాత అంగళ్లవారిని, ఆటోవారిని, తట్టలో కూరలమ్మే అవ్వను అడగవలెను. వారి లాభనష్టాలు విన్న పిమ్మటనే ఆ ఏర్పాటును ఉంచడమో, మార్చడమో, మానడమో నిర్ణయించుట న్యాయం. వీధిలో నడిచేవారే వీధిని గురించి తీర్పు చెప్పవలసినవారు.