జనాభా లెక్కలో మన ఇల్లు
(యశ్వంతనగర్ కార్మిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి పెంచమని అడిగినప్పుడల్లా మనకు ఒక మాట ఎదురవుతుంది. "మీరే గంపెడు పిల్లల్ని కంటారు, ఒక్క పనికి పదిమంది గేటు ముందు నిలబడతారు, ఇక కూలెలా పెరుగుతుంది?" అని. దీనికి జవాబు సర్కారు వారి లెక్కల్లోనే ఉంది. ఆ లెక్కలు కట్టే సంస్థ గురించి ఇవాళ చెప్పుకుందాం.

ముంబయి దేవనార్‌లో అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ ఉంది. 1956లో భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి, దొరాబ్జీ టాటా ట్రస్టు కలిసి పెట్టాయి. ఇప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ కింద నడుస్తోంది. 1982 జనవరిలో మిల్లు కార్మికులు మహాసమ్మెకు దిగిన నగరమే అది. తెలుగు నేతగాళ్లెందరో పొట్ట చేతబట్టుకుని పోయింది అక్కడికే.

దేశమంతటా తలలు లెక్కపెట్టేది ఈ సంస్థ కాదు, అది సెన్సస్ వారి పని. వీరు 1992-93 నుంచి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేయిస్తున్నారు, ఎంపిక చేసిన ఇళ్లలోనే. 2019-21లో సుమారు 6 లక్షల 37 వేల ఇళ్లు చూశారు. ఇంత దేశానికి అవి చాలునా? బేలులోంచి గుప్పెడు దూది లాగి పింజ పొడవు చూడడం ఎరిగిన మనకు ఇది వేరే చెప్పాలా! అయితే ఆ గుప్పెడు పైపొరలోంచే లాగితే మోసపోతాం. షిఫ్టుకు పోయి తాళం వేసిన ఇల్లు లెక్కలోంచి జారిపోతే జరిగేది అదే.

ఆ సర్వే ఏం తేల్చింది? 1992-93లో దేశంలో సగటున ఒక స్త్రీకి 3.4 మంది పిల్లలు. 2019-21కి అది 2.0. కర్ణాటకలో 1.7, ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా పెరగక తరగక నిలవాలంటే 2.1 కావాలంటారు శాస్త్రజ్ఞులు. మరి ఇక ఏ సాకు చెబుతారు? అదే సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత 53 నుంచి 57 శాతానికి పెరిగింది. పిల్లలు తగ్గారు గానీ తల్లుల ఒంట్లో రక్తం పెరగలేదు.

2023 జూలైలో ఆ సంస్థ డైరెక్టరును కేంద్రం సస్పెండ్ చేసింది. నియామకాల్లో అక్రమాలని సర్కారు అన్నది, సర్వే లెక్కలు నచ్చకనేనని విమర్శకులన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా, నచ్చని లెక్క కూడా బయటికి రావాలన్నదే మన పట్టు.

జనాభా అనగానే మన పెద్దలకు ఎమర్జెన్సీ గుర్తొస్తుంది. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, బలవంతాలూ జరిగాయి. తలుపు తట్టినవారికి నిజం చెప్పడానికి జంకడం సహజమే. కానీ దాక్కుంటే నష్టం మనకే. 2013 ఆహార భద్రతా చట్టం కింద రేషన్ కోటా 2011 జనాభాను బట్టి కట్టారు. ఆ ఏడు పుట్టిన బిడ్డ హైస్కూలుకు వచ్చింది. 2021లో జరగాల్సిన లెక్క జరగనే లేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు.

ఇంకొకటి, భాష. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ మనది. 1953లో బళ్లారి తాలూకా ఎటు పోవాలన్న తగువులో మిశ్రా కమిషన్ ముందు ఏ భాషవారు ఎందరన్న వాదాలే నడిచాయి. ఆ తగువు తీరిపోయింది, తిరగతోడం. కానీ మాతృభాష గడిలో ఏం రాస్తున్నారో తొంగి చూడండి.

మొదటి షిఫ్టు వాళ్లు సాయంత్రం, రాత్రి షిఫ్టు వాళ్లు పొద్దున ఇళ్ల దగ్గరుంటారు. లెక్కలవాళ్లు ఆ వేళల్లోనే రావాలని తహసీల్దారుకు అర్జీ రాశాం. సంతకాల కాగితం బల్ల మీద ఉంది.