కంటికి కనబడు పాట



గడచిన శివరాత్రికి మా రామతీర్థమున యాత్ర యథాప్రకారము జరిగినది. ఇది రామక్షేత్రమైనను ఇచ్చట శివరాత్రియు గొప్ప యుత్సవమేయని ఈ ప్రాంతమువా రెల్లరు నెరుగుదురు. ఆ రాత్రి కొండ దిగువను తప్పెటగుళ్ల దళమొకటి యాడుచుండెను. రొమ్మునకు కట్టుకొన్న రేకు తప్పెటలు, కాళ్ల గజ్జెలు ఏకకాలమున మ్రోగుచుండగా ధూళి మోకాలివరకు లేచుచున్నది. దానికి పది బారల దూరమున అరుగుమీద నలుగురు కుఱ్ఱవాండ్రు తలలు చేర్చి చేతిఫోనులో ఏదియో చూచుచుండిరి. ఏమాయని తొంగిచూచితిని. అదియు తప్పెటగుళ్ల పాటయే! ఎదుటనున్న దానిని విడిచి అద్దములోనిదానిని చూచుటకు కారణమేమని మొదట కోపము వచ్చినది; పిమ్మట ఆలోచన పుట్టినది. నేటి ప్రసంగము ఆ యాలోచన ఫలమే.

పాటను కంటితో చూచుట మనకు క్రొత్త గాదు. గీతము, వాద్యము, నృత్తము, ఈ మూడును కలిసినదే సంగీతమని పదమూడవ శతాబ్దిలోనే శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నిర్వచించెను. మన విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసుగారు కాళ్లకు గజ్జెలు గట్టి, చేత చిడుతలు పట్టి, తామే పాడి తామే యాడి సభను గెలుచుచుండిరని మా తాతగారు చెప్పగా విన్నాను. వారు 1945లో దివంగతులైరి. నేను పుట్టుటకు చాల పూర్వము. వారి హరికథను వినుటకు గాక చూచుటకు పోవుచుంటిమని తాతగారనెడివారు. తూర్పు భాగవతమున భామవేషము తెరవెనుకనుండి జడ వేయుటయు నిట్టిదే. పాటకు ముందు కన్ను, కన్నునకు వెనుక చెవి.

గ్రామఫోను వచ్చి ఈ జంటను విడదీసెను. పళ్లెము తిరిగినది, పాట మిగిలినది, ఆట పోయినది. 1932లో తెలుగు మాటాడు చిత్రము ‘భక్తప్రహ్లాద’ వచ్చుటతో అవి మరల కలిసినవి. తొలుత నటులే పాడుచు నటించిరి. పిమ్మట పాట వేరుగ, నటన వేరుగ చేయు పద్ధతి వచ్చినది. ఆ పద్ధతివలననే మన సాలూరి రాజేశ్వరరావుగారి స్వరరచన, విజయనగర సంగీత కళాశాలలో చదివిన ఘంటసాలవారి కంఠము, ఈ యూరనే పుట్టిన సుశీలగారి కంఠము ఊరూరికి చేరినవి. దూరదర్శనము వచ్చిన పిదప చిత్రలహరి యను పేర సినిమాపాటలను మాత్రమే వరుసగా చూపుచుండగా, టెలివిజను గల ఇంటి ముంగిట వీథి యంతయు చేరెడిది. అమెరికాలో 1981 ఆగస్టు 1వ తేదీన ఎంటీవీ యనునది పాటల దృశ్యములకే యంకితమై ఆరంభమైనది. 2005లో యూట్యూబు పుట్టినది. దానితో పాటకు సినిమా యక్కర లేకపోయెను. మన ఊరి పొలముగట్టుమీదనే ఎవరైనను చిత్రించి లోకమున పెట్టవచ్చును.

ఇక వీని నిర్మాణము సంగతి. మా మనుమరాలు కళాశాలలో చదువుచున్నది. ఈ విషయమున నాకు గురువు. నేనొకనాడు, పాట ఎత్తుగడ నెమ్మదిగా సాగవలెను, రాగము నెలకొనవలెను గదాయంటిని. ఆమె నవ్వి, “తాతగారూ, మీ రాగం నెలకొనేలోగా చూసేవాడు బొటనవేలితో పైకి తోసేస్తాడండీ” యనెను. తోయుటయే వీనికి యమపాశము. అందుచేత మొదటి కొద్ది క్షణములలోనే, రుచిచూపినట్లు, పాటలోని మిక్కిలి ఆకర్షకమైన తునకను వినిపింతురు. ఏ క్షణమున ఎందరు లేచిపోయిరో గీత గీసి చూపు సదుపాయము పెట్టినవారికి గలదు. హరికథాదాసు సభాసదుల మొగములు చూచి, ఆవులింతలు గనబడినచోట పిట్టకథ నెత్తుకొనుట మీరెరిగినదే. ఆ గీతయు నట్టిదే, కాని అది మొగములు చూపదు. లేచిపోయిన లెక్కమాత్రమే చూపును.

రెండవది అడుగు. పాటకొక గుర్తింపు అడుగుండవలెను. అది చూడగా కష్టముగ తోచవలెను, ప్రయత్నింపగా కొంతైన రావలెను. చూచినవాడు దానిని తానాడి చిత్రించి పెట్టును. అది చూచి మరియొకడు. ప్రేక్షకుడే దండోరా వేయువాడగును. ‘ఆర్ ఆర్ ఆర్’ చిత్రములోని నాటునాటు పాట 2021లో ఉక్రెయిను రాజధాని కీవులోని మారీన్‌స్కీ రాజభవనము ముంగిట చిత్రితమైనది. తెలుగు పలుకొక్కటియు రానివారు సైతము ఆ జంట యడుగులను అనుకరించిరి. కీరవాణిగారికిని, చంద్రబోసుగారికిని 2023 మార్చిలో ఆస్కారు బహుమతి వచ్చుటకు వారి ప్రతిభయే కారణము. అయినను ప్రేమరక్షితుగారు కూర్చిన ఆ యడుగు లేకున్న పాట అంత దూరము నడచియుండునా?

మిగిలినవి వేషములు, రంగులు. పచ్చని చేను, ఎఱ్ఱని చీర, పెంకుటిల్లు, వరుసగా నిలిచిన పడుచులు, ఆకాశమునుండి పక్షివలె చూచు కెమెరా. చిత్రమునకు ముందు పలుకులను అక్షరములతో చూపు పాటలు వచ్చును. నావంటి చెవిటిచెవులకు అవి మేలే. ఒక చమత్కారము నన్నాశ్చర్యపరచినది. నర్తకి నీటిలో తేలినట్లు మెల్లగ కదలును గాని పెదవులు మాత్రము పాటతో సరిగానే కదలును. ఎట్లు? చిత్రించునపుడు పాటను రెట్టింపు వేగమున మ్రోగింతురు, ఆమె ఆ తొందరతోనే పాడినట్లు నటించును. కెమెరా సెకనుకు 24కు బదులు 48 బొమ్మలు తీయును. చూపునపుడు సాధారణ వేగమున చూపిన, పాట యథాస్థితికి వచ్చును, ఒడలు మాత్రము తేలిపోవును. ఆ తొందరలో చెమట కారు ఆ పడుచును ఎవరును చూడరు.

ఇప్పుడు మన ప్రాంతమునకు వచ్చెదను. 2020 మార్చిలో విడుదలయిన ‘పలాస 1978’ చిత్రములో నక్కిలీసు గొలుసు పాట విని దేశమంతయు మన కళింగసీమ యాసకు తల యూచినది. అంతకు చాల మునుపే పార్వతీపురము ప్రక్కనున్న పెదబొండపల్లి వాస్తవ్యులు వంగపండు ప్రసాదరావుగారు ఈ యాసను గజ్జెకట్టి సభలకెక్కించిరి. వారు 2020 ఆగస్టులో కాలధర్మము నొందిరి. మన పలుకును వినగానే నవ్వుకొనెడివారు నేడు దానినే నేర్చుకొని పాడుచున్నారు. బడిలో ఈ పలుకులనే తప్పులని దిద్దినవాడను నేను. కాబట్టి ఈ సంతోషమున నాకు కొంత సిగ్గును గలదు.

సంతోషముతో పాటు చిక్కును వచ్చినది. మా పొరుగూర నొక ముసలమ్మ గలదు. ఊడ్పులలో ఆమె ఎత్తుకొననిదే తక్కినవారు నోరు విప్పరు. మూడేండ్ల క్రిందట పట్టణమునుండి కొందరు వచ్చి, ఆమెచే పాడించుకొని, చీర పెట్టి పోయిరి. కొన్ని నెలలకు ఆ పాట దృశ్యరూపమున వెలువడినది. పడుచు నటి పెదవులు, అద్దె తప్పెటలు, పైని పక్షికెమెరా, అన్నియు గలవు. క్రింద ‘సాహిత్యము’ అనుచోట ఎవరిదో పేరు! ముసలమ్మ పేరుగాని, ఊరి పేరుగాని ఎక్కడను లేదు. మా మనుమరాలికి కోపము వచ్చి, ఆమెనే గట్టుమీద గూర్చుండబెట్టి, ఏ హంగును లేక పాడించి పెట్టెను. ఒక్క దినములో తాఖీదు వచ్చినది, ఆ పాటపై ఇతరులకు హక్కు గలదని!

విచారించగా తెలిసిన దిది. జానపదగీతమునకు కర్త తెలియడు. దానిని ఎవరైనను పాడవచ్చును. కాని ఒకరు వాద్యములు గూర్చి చేసిన రికార్డుమీద వారికి హక్కుండును. యంత్రము వరుసను పోల్చి చూచును గాని, ఆ వరుస ఎవరి నోటినుండి వచ్చెనో ఎరుగదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణవలన పాడువారికిని ప్రదర్శకుల హక్కు గలిగినది. వారి యనుమతి లేనిది వారి గానమును రికార్డు చేయరాదు. నేడు ఆ హక్కు ఏబదియేండ్లు. చీర పెట్టినవారు ఆమెచే కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొనిరో లేదో ఆమెకే జ్ఞాపకము లేదు.

మా మనుమరాలు అభ్యంతరము వ్రాసెను. హక్కు కోరినవారు ముప్పది దినములలో బదులీయవలెను. ఈయలేదు. తాఖీదు రద్దయినది.

ఆ సాయంకాలము ఫోను పట్టుకొని ముసలమ్మ యింటికి పోతిమి. నీ పాటను నీకు దక్కించితిమని నేనించుక గర్వముతోనే చెప్పితిని. ఆమె పాటనంతయు చూచి, “నాను కట్టినానేటి బావూ? మాయత్త పాడీది. ఆవిడ పేరెయ్యండి” అనెను. అత్తగారి పేరడుగగా, కొంతసేపు ఆలోచించి, ఆమెను అందరును పెద్దమ్మి యని పిలిచెడివారనియు, అసలు పేరు తానెన్నడు నడుగలేదనియు చెప్పెను. మనుమరాలు పెద్దమ్మి యనియే వ్రాసి, క్రింద ముసలమ్మ పేరును, ఊరి పేరును చేర్చినది.