చక్రముల పొందిక – కొలతల కాగితము

కారు కొనుట ఒక యెత్తు; దానిని తిన్నగా నడుపుకొనుట మరియొక యెత్తు. రహదారిలో చక్రము ఒక పెద్ద గోతిలో పడును. మరునాటినుండి బండి ఒక ప్రక్కకు లాగుచుండును. లేదా చిరకాలము మన్నవలసిన టైరు కొద్ది నెలలకే ఒక అంచున నున్నబడును. మరమ్మతుశాలకు పోగా, బండిని కొంతసేపు యంత్రముపై నిలిపి, అలైన్‌మెంటు చేసితిమని సొమ్ము పుచ్చుకొని, ఎఱ్ఱని పచ్చని గడులతో అచ్చైన కాగితమొకటి చేతికిత్తురు. దానిని మడచి కారు అరలో పడవేయువారే హెచ్చు. ఈ పూట మేము ముచ్చటింపదలచినది ఆ కాగితమును గురించియే. చేసిన పనికిని, చేయని పనికిని కూడ సాక్ష్యము అదియే గదా!

అందు ముఖ్యమైన కొలతలు మూడు. మొదటిది టో. నడచునపుడు కొందరి పాదములు లోనికి తిరిగియుండును, కొందరివి వెలుపలికి. కారు చక్రములును అంతియే. పైనుండి చూచినపుడు ముందు అంచులు ఒకదానికొకటి చేరువైనచో టో-ఇన్, ఎడమైనచో టో-అవుట్ అందురు. రెండవది కేంబరు. ముందునుండి చూచినపుడు చక్రము తల వెలుపలికి ఒరిగినచో అది ధనము, లోనికి ఒరిగినచో ఋణము. మూడవది కేస్టరు. స్టీరింగు త్రిప్పినపుడు చక్రము ఏ గీత చుట్టును తిరుగునో, ఆ గీత పై కొన వెనుకకు వాలియుండుట. సైకిలు ముందు ఫోర్కులోని వాలు వంటిదే ఇదియు. మలుపు దాటిన పిమ్మట స్టీరింగు తనంతట సూటికి వచ్చుటకు ముఖ్యకారణము ఈ వాలే.

టైరును వేగముగా తినునది టో. ఒక చక్రము తన దారికి 10 నిమిషముల కోణము, అనగా డిగ్రీలో ఆరవ వంతు, ప్రక్కకు తిరిగియున్నదనుకొందము. ఆ చక్రము కిలోమీటరు పరుగులో సుమారు 3 మీటర్ల మేర ప్రక్కకు ఈడ్వబడినట్లే. కంటికి ఈ తేడా తెలియదు. చేతికిని తెలియదు, ఏలయన రెండు ముందు చక్రములును తేడాను సమముగా పంచుకొనుటచే బండి సూటిగనే పోవుచుండును. కేంబరు, కేస్టరుల సంగతి వేరు. వానిలో కుడి యెడమల నడుమ గల వ్యత్యాసమే బండిని లాగును. కేంబరు ఏ వైపున ఎక్కువ ధనముగా నున్నదో ఆ వైపునకు, కేస్టరు ఏ వైపున తక్కువగా నున్నదో ఆ వైపునకు బండి మొగ్గును.

అంకెలు చదువుటలో ఒక చిక్కు గలదు. డిగ్రీకి 60 నిమిషములు. కావున 0°30' అనగా అర డిగ్రీ. కొన్ని యంత్రములు దశాంశములలో అచ్చువేయును, అచట 0.30 అనగా 18 నిమిషములే. మరికొన్ని టోను మిల్లీమీటర్లలో చూపును. 15 అంగుళముల రిమ్ము అంచులకడ కొలిచినచో 1 మిల్లీమీటరు సుమారు 9 నిమిషములకు సమానము. రెండు శాలల కాగితములను పోల్చువారు ముందుగా ప్రమాణమును చూడవలెను. లేకున్న లేని తగవు పుట్టును.

మాకు ఎదురైన సంగతి యొకటి చెప్పెదము. గోతిలో పడిన పిదప మా బండి కుడివైపునకు లాగసాగినది. మన దేశములో ఎడమప్రక్కన నడుపుదుము. రోడ్డు నడుమ ఎత్తుగను అంచులకు పల్లముగను ఉండుటచే బండి కొంచెము ఎడమకు జారుట సహజము. కుడికి లాగుటకు రోడ్డును నిందింప వీలులేదు. ఒక శాలవారు అలైన్‌మెంటు చేసి, "అంతా సరిపోయిందండీ" అనిరి. కాగితములో టో గడులు మాత్రము ఎఱుపునుండి పచ్చకు మారినవి. ఎడమ కేంబరు ఋణము 1°40', కుడి కేంబరు ఋణము 0°20'. పనికి ముందును అవియే, పని ముగిసిన తరువాతను అవియే! అడుగగా, ఈ కారుకు కేంబరు మార్చు ఏర్పాటు లేదనిరి.

ఆ మాట అబద్ధము కాదు. అనేకమైన చిన్న కార్లలో కర్మాగారమువారు ముందు టోకు మాత్రమే సవరణ నిచ్చిరి. అయితే మార్చు ఏర్పాటు లేని కొలత తప్పినదనగా, ఏదో భాగము వంగెననియో అరిగెననియో అర్థము. ఈ రెండవ మాటను వారు చెప్పలేదు. మేము ఆ కాగితమునే విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మేస్త్రీకి చూపితిమి. ఆయన అందు మేమెవ్వరము చూడని ఒక గడిపై వ్రేలుంచెను. చక్రము తిరుగు గీత ముందునుండి చూచినపుడు ఎంత లోనికి వాలియున్నదో తెలుపు గడి అది. ఆ వాలు రెండు ప్రక్కలను సమానముగనే యున్నది. కేంబరు మాత్రమే తేడా. "పైన బాడీ, కింద ఆర్ము బాగానే ఉన్నాయండీ. షాకబ్జార్బరు వంగి ఉంటుంది, విప్పి చూద్దాం" అనెను. విప్పగా అట్లే యున్నది. క్రొత్తది బిగించి, టోను మరల సరిచేసిన తరువాత ఎడమ కేంబరు ఋణము 0°25' వచ్చినది. బండి కుడికి లాగుట మానినది. మొదటి శాలలోనే ఈ మాట చెప్పియుండినచో, లోపలి అంచు అరిగిన ఎడమ టైరు మాకు మిగిలియుండెడిది.

కావున బండిని అప్పగించుటకు ముందే కొన్ని మాటలు అనుకొనుట మేలు. టైర్లలో గాలి సరిచూచినారా? బాల్ జాయింట్లు, టై రాడ్డు కొనలు, బుష్షులు వదులుగా నున్నవేమో పరీక్షించినారా? వదులైన కీలుపై చేసిన సవరణ తరువాతి గోతిదాక కూడ నిలువదు. కేస్టరు కొలుచుటకు సాధారణముగా స్టీరింగును ఎడమకును కుడికిని త్రిప్పవలెను. ఎవ్వరును త్రిప్పనిచో ఆ గడిలోని అంకెను నమ్మ నక్కరలేదు. టైరు దోషము వలనను బండి లాగవచ్చును. ముందు టైర్లను అటునిటు మార్చగా లాగుడు దిక్కు మారినచో దోషము టైరుదే. ఇన్ని కిలోమీటర్లు పోయిన పిదప ఒక వేగమున స్టీరింగు వణకుచున్నదని అలైన్‌మెంటుకై పోవువారు కలరు. ఆ వణకునకు సాధారణముగా వలసినది బాలెన్సింగు. రెండును వేర్వేరు పనులు.

కొన్నిచోట్ల కేంబరు సరిచేయుదుమని జాకీతో ఒత్తి ఆ భాగమునే వంచుచుందురు. దానికి వేరుగా సొమ్ము. బలవంతముగా వంచిన ఇనుము మునుపటి బలముతో నుండునని మేము నమ్మము.

రసీదులో బండి సంఖ్య, ఆనాటి కిలోమీటర్లు, చేసిన పని వ్రాయించుకొనవలెను. పనికి ముందటి కొలతలును తరువాతి కొలతలును గల కాగితమును దానికి జతచేయవలెను. మాటలతో తెగని తగవైనచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమువారికి చెప్పుకొనవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనునకు పోవుటయు కలదు. అచట మన నోటిమాటకంటె ఆ రెండు కాగితములకే విలువ హెచ్చు.